ఏడిళ్ల దారం

మొన్న చలి మొదలైన వారంలో మా పక్కింటి లక్ష్మీదేవి కొత్త ఊలు ఉండలు మూడు పట్టుకొని వచ్చింది. వాటి మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా విప్పలేదు. వాళ్ల కోడలికి వచ్చే నెలలో కాన్పు. పులివెందులలో మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టబోతున్నా ఆ కబురు నాకు ముందే తెలుస్తుంది, ఎందుకంటే తలకు కుళ్ళాయి, కాళ్లకు మేజోళ్లు అల్లేది నేనే. ఉండలు చేతికి తీసుకొని నొక్కి చూశాను. లేత గులాబీ రంగు, మంచి సరుకే. "వీటితో మీ కోడలికి స్వెట్టర్ అల్లి ఇస్తాలే. బిడ్డకు మాత్రం ఇంట్లో మిగిలిపోయిన దారం ఏదన్నా ఉంటే తెచ్చియ్యి" అన్నాను. ఆమె మొహం ముడుచుకుంది. "ఏందవ్వా, మా ఇంట్లో పుట్టే మొదటి బిడ్డకు మిగిలిపోయిన దారమా? మేమేమన్నా అంత లేనోళ్లమా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నేను కూడా సరిగ్గా అట్లాగే అనుకున్నాను. అనుకొని ఊరుకోలేదు, ఒక తప్పు చేశాను. ఆ తప్పు గురించి ఇంతవరకు మా పిల్లలకు కూడా పూర్తిగా చెప్పలేదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంతకు ముందు జరిగిన సంగతులేవీ నా దగ్గర కాగితం మీద లేవు, చేతుల్లో ఉన్నాయి. వాటిని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మా పుట్టిల్లు జమ్మలమడుగు. మిషన్ ఆసుపత్రి వెనక గోడకు ఆనుకొని మా పేట. మా నాయనను కన్న జేజి వాళ్ల తాతల కాలంలోనే మావాళ్లు చర్చికి పోవడం మొదలుపెట్టారు. మా అమ్మ కరుణమ్మ కాన్పుల వార్డులో ఆయా. మా నాయన నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. మేము ఐదుగురు పిల్లలం, నేను నడిమిదాన్ని. పొద్దున చర్చి గంట కొట్టక ముందే అమ్మ లేచి సంగటికి ఎసరు పెట్టేది. ఆ పొయ్యి సెగకు మేమందరం ఒకరినొకరు తోసుకుంటూ దగ్గరికి జరిగేవాళ్లం. మా ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు ఉండేవి. నాయన తలగుడ్డ విప్పితే రాతిపొడి వాసన, అమ్మ కొంగు విదిలిస్తే ఫినాయిల్ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఫినాయిల్ వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది, అమ్మ డ్యూటీ నుంచి వచ్చిందంటే అన్నం పెడుతుందని. కడప జిల్లా అంటే ఎండలే అనుకునేవాళ్లకు క్రిస్మస్ ముందు మా ఊళ్లో తెల్లవారుజాము ఎట్లా ఉంటుందో తెలియదు. పెన్న ఇసుక మీదుగా వచ్చే ఆ గాలికి పెద్దవాళ్ల పళ్లే టకటక కొట్టుకునేవి. ఇక ఆ వేళ పుట్టిన బిడ్డల సంగతి చెప్పాలా?

కాన్పుల వార్డుకు ఎదురుగా పెంకులు కప్పిన గది ఒకటి ఉండేది. అందరూ దాన్ని ఊలు గది అనేవారు. నలుగురైదుగురు ఆడవాళ్లు చాపల మీద కూర్చొని నర్సులకు, బడి పిల్లలకు స్వెట్టర్లు అల్లేవాళ్లు. వాళ్లకు పెద్ద గ్రేసమ్మ టీచర్. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. గంజి పెట్టిన తెల్లచీర, తాడు కట్టిన కళ్లద్దాలు, తప్పు చేస్తే అల్లిక సూదితో చేతివేళ్ల మీద ఒక్కటి. స్వెట్టర్లు అయిపోయాక మిగిలిన తుంపుల్ని ఆమె పారేయనిచ్చేది కాదు. జానెడు పోగైనా సరే, కలరా ఉండలు వేసిన రేకు డబ్బాలోకి చేరాల్సిందే. నెలకొకసారి ఆ తుంపులన్నీ తీసి కుంకుడుకాయ పులుసులో ఉతికి, గది ముందున్న వేపచెట్టు కొమ్మలకు కట్టి, ఒక్కొక్క పోగు కొసకు గులకరాయి వేలాడదీసేవాళ్లం. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. రాయి బరువుకు సాగితే గానీ మళ్లీ అల్లికకు రాదు. ఎరుపు, పసుపు, నీలం పోగులతో ఆ చెట్టు చూసి, పల్లెల నుంచి వచ్చిన రోగుల తాలూకు వాళ్లు ఎవరో ముడుపులు కట్టారనుకొని దణ్ణం పెట్టి పోయేవాళ్లు. గ్రేసమ్మ కిటికీలోంచి చూసి, "పెట్టుకోనీలే, మన తుంపులకు కూడా రోంత మర్యాద" అనేది.

ఆ దారంతో అల్లినవన్నీ అప్పుడే పుట్టిన బిడ్డలకు. ఆసుపత్రిలో ఎవరి బిడ్డ పుట్టినా ఒక కుళ్ళాయి ఉచితం, లేనివాళ్లకైనా ఉన్నవాళ్లకైనా. కొత్త ఊలు పసిబిడ్డ తలకు గుచ్చుకుంటుందని గ్రేసమ్మ నమ్మకం. నాలుగు ఉతుకులు తిన్న దారమే మెత్తన అనేది. నేను ఆ గదికి మొదట పోయింది కుండలో నీళ్లు పోయడానికి. పోసి వెంటనే రాకుండా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. చూసి చూసి, చీపురు పుల్లలతో ఇంట్లో అల్లడం మొదలుపెట్టాను. బడికి పోలేదు కాబట్టి నాకు ఇరవై దాటితే లెక్క వచ్చేది కాదు. మా జేజి కోడిగుడ్లు, మామిడికాయలు లెక్కపెట్టినట్లు నేను కుట్లను పుంజీల్లో లెక్కపెట్టేదాన్ని. నాలుగు కుట్లు ఒక పుంజీ, ఒక్కొక్క పుంజీకి పక్కన ఒక చింతపిక్క. నెలలు నిండిన బిడ్డ కుళ్ళాయికి పద్దెనిమిది చింతపిక్కలు. అది చూసి గదిలో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. గ్రేసమ్మ నవ్వలేదు. "లెక్క ఏదైతే ఏం? తలకు పట్టిందా లేదా?" అంది.

ఆ సంవత్సరం నాకు పదమూడో పద్నాలుగో. క్రిస్మస్ కాగానే ముద్దనూరు దగ్గర పల్లె నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి నన్ను శనగ చేల పనికి తీసుకుపోవాలని ఇంట్లో అనుకున్నారు. శనగ చెట్టు పీకే పని ఎట్లాంటిదో చేసినవాళ్లకు తెలుసు. ఆకుల మీద మంచుతో కలిసి పులుసు ఉంటుంది, అది చేతులకు అంటి వేళ్లు పగిలి పుండ్లు పడతాయి. అక్క అంతకు ముందు ఏడాది పోయి వచ్చింది. రెండు నెలలు అన్నం కలుపుకోలేకపోయింది. ఆ వేళ్లతో ఊలు పట్టుకుంటే ప్రతి పోగూ తగులుకుంటుంది. ఒకసారి పోతే మళ్లీ ఆ గదికి రాలేనని నాకు అర్థమైపోయింది. గ్రేసమ్మ దగ్గరికి పోయి, "టీచర్, నన్ను ఈడనే పెట్టుకో" అని అడిగాను. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "అడిగినోళ్లందరికీ చాప వేస్తే ఇది సత్రం అయితాది. ఒకటి చెప్తా విను. మొదటి కుట్టు నుంచి చివరి ముడి దాకా నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకుండా ఒక కుళ్ళాయి అల్లు. ఆ బిడ్డ తల్లీ, వాళ్ల పెద్దోళ్లూ దాన్ని ఇష్టంగా తీసుకోవాల. బిడ్డ దాన్ని నెత్తిన పెట్టుకొని ఆసుపత్రి గేటు దాటాల. దాటితే నీకు ఈడ చాప. దాటకుంటే మీ మామ వెంట పో."

అదే వారంలో ప్రొద్దుటూరు నుంచి ఒక శెట్టిగారి కోడలిని కాన్పుకు తెచ్చారు. వాళ్లకు అక్కడ పెద్ద బట్టల కొట్టు. ముందు రెండు కాన్పుల్లో పుట్టిన బిడ్డలిద్దరూ పురిటి స్నానం కాకముందే పోయారట. ఈసారి నెల తక్కువగా ఆడబిడ్డ పుట్టింది. తల నా గుప్పిట్లో పట్టేంత. మూడు వారాలు ఇక్కడే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. తొట్టిలో బిడ్డకు ఇరుపక్కలా ఉడుకు నీళ్ల సీసాలు పెట్టి మా అమ్మ గంటగంటకూ మార్చేది. బిడ్డ నాయనమ్మను అందరూ శెట్టెమ్మ అనేవారు. బక్కపల్చని పొడుగు మనిషి, రెండు ముక్కుపుడకలు. తాగే నీళ్లు, వంట సామాను, పొయ్యి అన్నీ ఇంటి నుంచే తెచ్చుకున్నారు. మా అమ్మ బిడ్డ మలమూత్రాలు ఎత్తవచ్చు, ఆ నీళ్లబిందె పక్కకు మాత్రం పోకూడదు. అది అప్పట్లో మాకు వింత కాదు. ఆ బిడ్డకు కుళ్ళాయి నువ్వే అల్లమని గ్రేసమ్మ నాకు చెప్పింది.

నేను రేకు డబ్బా తెరిచి చూశాను. ఎర్ర తుంపు, మాసిన పసుపు, నర్సుల స్వెట్టర్ల నీలం. కోడలి చేతుల నిండా బంగారు గాజులు, శెట్టెమ్మ కట్టేది మంచి నేత చీరలు. అట్లాంటి ఇంటి బిడ్డకు ఈ అతుకులా? చూడగానే పక్కకు విసిరేస్తారు, నా చాప పోతుంది అనిపించింది. బీరువా పై అరలో ఒక నర్సమ్మ ఆర్డరు కోసం తెచ్చిన తెల్ల ఊలు ఉండలు ఉన్నాయి. పాల మీగడలాంటి తెలుపు. అడిగితే గ్రేసమ్మ ఇవ్వదని తెలుసు, అందుకే అడగలేదు. ఒక ఉండ పైట చాటున పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. పదమూడు చింతపిక్కల లెక్కన రెండు రోజుల్లో అల్లేశాను. అంత చక్కటి పని అప్పటిదాకా నా చేతి నుంచి రాలేదు. ఒక్క కుట్టు ఎగుడుదిగుడు లేదు. ఉతికిన గుడ్డలో చుట్టుకొని, జడ వేసుకొని, వార్డుకు పోయాను. దారిలో నాకు నేనే చాప మీద కూర్చున్నట్లు కనపడ్డాను.

శెట్టెమ్మ గుడ్డ విప్పి చూసింది. ముట్టుకోకుండా అడిగింది. "ఎవురింటి దారం పాపా ఇది?"

"ఎవురింటిదీ కాదమ్మా. కొత్తది. ఉండ విప్పి అల్లినా, ఎవురూ వాడలా" అన్నాను గొప్పగా.

ఆమె గుడ్డను మళ్లీ మూసేసింది. "వద్దు, తీస్కపో."

"మెత్తగుండాదమ్మా, రోంత చూడు..."

"ఇద్దరికీ కొత్తవే తొడిగినాం మేయ్. మా కొట్లో తానుల్లోంచి కోసి కోసి కుట్టించినాం. ఇద్దరూ పోయినారు. దీనికి ఒంటి మీద కొత్త పోగు పడనియ్యను. ఇది తిప్పమ్మ. చెత్త తిప్ప మీద దొరికింది, మాకు పుట్టలా. ఏడిండ్లల్లో అడుక్కొచ్చిన పాతది కప్పుకొని బతకాల. ఈడ మిగిలిపోయిన దారాలు కలిపి అల్లిస్తారని చెప్తే, నలుగురిండ్లది ఉంటాది గదా అని నేను ఎదురు చూస్తాంటి. నువ్వేమో కొత్తది తెచ్చినావు." కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె వీపు కదలడం చూసి ఏడుస్తోందని తెలిసింది.

మా వైపు పిల్లలు నిలవని ఇళ్లల్లో ఆ పద్ధతి ఉంది. బిడ్డను ఒక నిమిషం తిప్ప మీద పెట్టి తీసుకుంటారు, తిప్పయ్య అనో తిప్పమ్మ అనో పేరు పెడతారు, అడుక్కొచ్చిన పాతగుడ్డల్లో పెంచుతారు. ఎవరూ ముచ్చటపడని బిడ్డను చావు కూడా కోరుకోదని. ఆ సంగతి నాకు తెలియక కాదు. మా పేట అవతల వీధిలోనే ఇద్దరు తిప్పయ్యలు ఉన్నారు. కానీ అది లేనివాళ్ల పద్ధతి అనుకున్నాను. బంగారు గాజుల ఇంట్లో కూడా అంత భయం ఉంటుందని నా బుర్రకు తట్టలేదు.

గదికి వచ్చేసరికి గ్రేసమ్మ బీరువా ముందు నిలబడి ఉంది. "ఒక ఉండ తక్కువుంది. ఎవురు తీసినారు?" అని అందరినీ అడుగుతోంది. గుడ్డలోంచి కుళ్ళాయి తీసి ఆమె ముందు పెట్టాను. "నేనే టీచర్."

"అడిగినావా?"

"లేదు."

"ఎందుకు తీసినావు?"

"వాళ్లు ఉన్నోళ్లు గదా. మిగిలిపోయిన దానితో అల్లి ఇస్తే మన గదికి చిన్నతనం అని..."

"మన గదికా, నీకా?" ఆమె గొంతు పెంచలేదు. దానికంటే సూదితో కొట్టి ఉంటే బాగుండేది. "ఆ డబ్బాలో ఉండే ప్రతి పోగూ నేను ఏరింది, ఉతికింది, ఎండబెట్టింది. అది తక్కువదని నీకెవురు చెప్పినారు? కూర్చో. విప్పు దాన్ని." అందరి ముందూ కూర్చొని రెండు రోజుల పనిని పొడుగ్గా లాగేశాను. తెల్ల ఊలు నా ఒళ్లో గొర్రెపిల్ల బొచ్చులాగా ఉంగరాలు ఉంగరాలుగా పడింది. ఎంత సాగదీసినా అది ఇంక కొత్త ఉండ కాదు. ఉండ చుట్టి ఇస్తూ, శెట్టెమ్మ అన్నదంతా చెప్పి, "ఇంకొక్కసారి అల్లుతా టీచర్. ఏడిండ్లల్లో అడుక్కొచ్చి అల్లుతా" అన్నాను.

గ్రేసమ్మ ఆ ఉండను బీరువాలో పెట్టింది. "తిప్పలు, దిష్టి, ఇవన్నీ నేను నమ్మను. మనం ప్రార్థన చేసుకునేవాళ్లం" అంది. తర్వాత కిటికీలోంచి వార్డు వైపు చూసి, "చలికి మాత్రం నమ్మినోళ్లు, నమ్మనోళ్లు అని తేడా లేదు. సరే, పో. నా డబ్బాలో ఒక్క పోగు ముట్టుకోవద్దు. అడుక్కోమని వాళ్లు అన్నారు గదా, అడుక్కో. నీ పొగరుకు కూడా అది మంచి మందు" అంది.

అడుక్కోవడం అల్లడం కంటే కష్టమని ఆ రోజు తెలిసింది. మా పేటలో అందరూ ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లే కాబట్టి ప్రతి ఇంట్లో ఒక పాత కుళ్ళాయో, మోచేతులు చినిగిన స్వెట్టరో ఉండేది. మొదటి ఇల్లు ఎలీసమ్మవ్వది. "ఏందే, గ్రేసమ్మ గదిలో ఊలు కరువొచ్చిందా? బొచ్చె కూడా తెచ్చుకోవాల్సింది!" అని ఎగతాళి చేస్తూనే మనవడి ఎర్ర స్వెట్టర్ చేతిలోంచి మూరెడు మూరెడు విప్పి ఇచ్చింది. దావీదు మామ మా నాయనతో గనిలో పని చేసేవాడు. సంగతి విని కోపంతో లేచాడు. "మనం నడిచిన జాగాలో నీళ్లు చల్లుకునేటోళ్లు, ఇప్పుడు వాళ్ల బిడ్డకు మన దారం కావాల్నా? లేదని చెప్పు పో!" అన్నాడు. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచే, "బిడ్డ చల్లుకుందా నీళ్లు? దానికి కండ్లే తెరుచుకోలా" అని నీలం దారం నా చేతిలో పెట్టింది. ఒక ఇంట్లో మాత్రం తలుపు దగ్గరే ఆపేశారు. ఆ ఇంటామె, "మా ఇంటిది వద్దు పాపా. మాకూ ఒకడు పోయినాడు, నీకు తెలుసు గదా. ఆ బిడ్డకు మా పోగు తగలగూడదు" అంది. నేను అక్కడ నిలబడలేకపోయాను. దూదేకుల బీబమ్మ పచ్చ దారం ఇచ్చింది, చాకలి నాగమ్మ గోధుమరంగుది, గేటు కాపలా యేసోబు పెండ్లాం పసుపుది, అమ్మతో పనిచేసే సారమ్మ నల్లది. ఆరిళ్లు అయ్యాయి. ఏడో ఇంటికి ఎక్కడికి పోవాలో తెలియక ఆలోచించి ఆలోచించి గ్రేసమ్మ క్వార్టర్ తలుపు తట్టాను. ఆమె నన్ను చూసి, నా చేతిలో రంగుల తుంపులు చూసి, లోపలికి పోయింది. చనిపోయిన భర్త స్వెట్టర్, ఇన్నేళ్లు మడిచి దాచుకున్నది, దాని అంచు నుంచి ఊదా రంగు పోగు విప్పి తెచ్చి ఇచ్చింది. "నేను దీన్ని నమ్మి ఇయ్యలా" అని తలుపు వేసుకుంది.

అంతా కలిపినా చాలేట్టు లేదు. నేను చింతపిక్కలు పేర్చి చూసుకుంటూ ఉంటే నాయన తన మఫ్లర్ తీసుకొని కొసను పళ్లతో కొరికి విప్పడం మొదలుపెట్టాడు. "మనిల్లు లెక్కలోకి రాదు నాయనా. బయట ఇండ్లల్లోదే కావాల" అన్నాను. "లెక్కకు ఎవురిస్తాండారు? అంచుకు వాడుకో" అన్నాడు. ఆ బూడిదరంగు పోగు ఎన్నిసార్లు ఉతికినా రాతిపొడి వాసన పోలేదు. దానితోనే మొదటి వరుసలు అల్లాను. కుళ్ళాయి అంచు లోపలికి మడుస్తారు కాబట్టి అది కనపడదని ధైర్యం.

మళ్లీ వార్డుకు పోయినప్పుడు జడ వేసుకోలేదు, గుడ్డలో చుట్టలేదు. చేతిలో పట్టుకొని పోయాను. శెట్టెమ్మ ఈసారి చెయ్యి చాపి తీసుకుంది. మా అమ్మ చేతి నుంచి నేరుగా ఏదీ తీసుకోని మనిషి, నా చేతి నుంచి తీసుకుంది. "ఎవురిండ్లు?" అంది. నేను వేలు పెట్టి ఒక్కొక్క వరుస చూపిస్తూ చెప్పాను. "ఈ ఎరుపు ఎలీసమ్మవ్వది. నీలం దావీదు మామ ఇంటిది. పచ్చది బీబమ్మది. ఇది నాగమ్మది, పసుపు యేసోబన్న వాళ్లది, నలుపు సారమ్మత్తది. ఈ ఊదా మా టీచర్ది." నేను ఒక్కొక్క పేరు చెప్పినప్పుడల్లా ఆమె ఆ వరుస మీద బొటనవేలు పెట్టి ఆ పేరు తిరిగి అనుకుంది. ఎలీసమ్మ. దావీదు. బీబమ్మ. అట్లా ఏడూ అయ్యాక కుళ్ళాయిని తిరగేసి అంచు విప్పింది.

"ఎనిమిది రంగులుండాయి. ఈ బూడిదది ఎవురిది?"

అబద్ధం చెప్దామా అనుకున్నాను. ఒకసారి అయిన శాస్తి చాలు. "మాది అమ్మా. మా నాయన మఫ్లర్. దారం చాలకపోతే వేసినా. అడుక్కున్నది కాదు, మా నాయనే ఇచ్చినాడు."

"ఎంతమంది పిల్లోళ్లు మీరు?"

"ఐదుమంది."

"పుట్టినోళ్లు ఎంతమంది?"

"ఐదుమందే. అందరం ఉండాం."

శెట్టెమ్మ కోడలి వైపు చూసింది. కోడలు అప్పటికే లేచి కూర్చుంది. శెట్టెమ్మ లోపలికి మడిచిన అంచును బయటికి తిప్పింది, బూడిదరంగు పైకి వచ్చేట్టు. "ఇది నొసటి మీదికి రానీ" అని, బిడ్డ తలకు తనే తొడిగింది. ఆ గుప్పెడంత ముఖానికి మా నాయన మఫ్లర్ పట్టీ కట్టినట్లు ఉంది. కోడలు నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

ఇంకా గేటు దాటలేదు. ఆ పక్షం రోజులు నేను వార్డు కిటికీ దగ్గర తిరగని పూట లేదు. బిడ్డ దగ్గినా, పాలు కక్కినా అమ్మ ఇంటికి వచ్చి చెప్పేది, చెప్పకపోతే నేను పీక్కుతినేదాన్ని. మొదట్లో చాప కోసం అడిగేదాన్ని. తర్వాత తర్వాత చాప మరచిపోయి అడిగాను. క్రిస్మస్ వచ్చింది, పోయింది. వాళ్లు ఇంటికి పోయే రోజునే మా మామ కూడా వచ్చి, మా అరుగు మీద సంచి పెట్టుకొని కూర్చున్నాడు. నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. గ్రేసమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

శెట్టిగారి కొడుకు కారు తెచ్చాడు. చేతిలో జరీ అంచు పట్టు కుళ్ళాయి. "అమ్మా, ఇది పెట్టు. కొట్టు ముందర అందరూ చూస్తాంటారు. ఆ రంగురంగులదేంది, గంగిరెద్దు మాదిరి?" అన్నాడు. శెట్టెమ్మ పట్టు కుళ్ళాయి తీసుకొని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "శానా బాగుంది నాయనా. నువ్వు పెట్టుకో. నీ బట్టతలకు కూడా దిష్టి తగలదు" అని వెనక్కి ఇచ్చేసింది. కోడలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. బిడ్డ నొసటన బూడిదరంగు పట్టీతో, దాని పైన ఏడిళ్ల రంగులతో, నాయనమ్మ చంకలో గేటు దాటింది. కారు పెన్న వైపు తిరిగేదాకా చూశాను.

"నీలం వరుసలో ఒక కుట్టు జారింది" అంది గ్రేసమ్మ. "ఆ రోజే చూసినా."

"మరి చెప్పలేదేం టీచర్?"

"గేటు దాటనీలే అని. రేపు ప్రార్థన కాగానే వచ్చెయ్, చాప దులిపి పెట్టుకో." మా మామ సంగటి తిని, నాలుగు మాటలు గొణిగి, ఖాళీ చేతులతో ముద్దనూరు బస్సెక్కాడు.

ఆ బిడ్డ ఏమైందని అడుగుతారు. నాకు తెలియదు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధికి పోయినప్పుడు, ఆ వయసు ఆడమనిషి గల్లా దగ్గర కనిపిస్తే ఒక క్షణం ఆగి చూస్తాను, అంతే. అడగను. ఇప్పుడు ఆసుపత్రుల్లో బిడ్డకు టోపీ, మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో జతగా వస్తున్నాయి. మంచివే, చలి ఆపుతాయి, నేను వాటిని తీసిపారేయను. బిడ్డలను బతికించడానికి పెద్ద మిషన్లున్నాయి, తిప్ప మీద పెట్టే పని తప్పింది. దానికి నేను రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్తాను. కానీ శెట్టెమ్మ సంగతి చాలా ఏళ్లు నేను ఒక గొప్పగా చెప్పుకున్నాను. మా నీళ్లు తాగని ఇల్లు మా దారాన్ని బిడ్డ నొసటన పెట్టుకుందని. చదువు వచ్చి, నాలుగు విషయాలు విన్నాక, ఒకరోజు ఇంకోలా తట్టింది. వాళ్లకు మా ఇళ్ల దారం ఎందుకు కావాల్సి వచ్చింది? మేము వాళ్ల లెక్కలో తిప్పలమే కాబట్టి. చావు కూడా తొంగిచూడని చోటు అని. దావీదు మామ కోపం నాకు అప్పుడు, అంత ఆలస్యంగా, అర్థమైంది. కొన్నాళ్లు నాకూ కోపం వచ్చింది, ఊలు పట్టుకోలేదు. తర్వాత ఆమె బొటనవేలు గుర్తొచ్చింది. ఒక్కొక్క వరుస మీద ఆగి మా పేర్లు తిరిగి అనుకున్న ఆ బొటనవేలు. తిప్పకు పేర్లుండవు. అడిగేటప్పుడు ఆమె ఏమనుకొని అడిగిందో గానీ, ఆ పేర్లు మాత్రం ఇవి ఇళ్లు అని తెలిసే పలికింది.

అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి అన్ని వీధుల నుంచీ మిగిలిన ఊలు వస్తుంది. రెడ్ల ఇళ్లది, తురకల ఇళ్లది, మా చర్చి వాళ్లది, చీనీ తోటల్లో కూలికి పోయేవాళ్లది. అన్నీ ఉతికి, సాగదీసి, కలిపి అల్లుతాను. మొదటి వరుస మాత్రం ఎప్పుడూ మా ఇంటి దారమే, అదీ బయటికి కనపడేట్టు. అల్లడం అయ్యాక నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఏ రంగు ఎవరిల్లో వరుసగా నా చేత్తో రాసి, కుళ్ళాయికి పిన్ను పెడతాను. నా అక్షరాలు ఇప్పటికీ లావుగా, వంకరగా ఉంటాయి, కానీ ఒక్క పేరు తప్పు పోదు. తీసుకోవడానికి వచ్చినవాళ్లకు ఒకటే మాట చెప్తాను, రేపు వచ్చేది లక్ష్మీదేవి అయినా, ఇంకెవరైనా సరే. పేర్లు చదివినాకనే బిడ్డ నెత్తిన పెట్టండి. చదవడం రానివాళ్లు ఉంటే కూర్చోబెట్టి నేనే చదివి వినిపిస్తాను, ఒక్కొక్క వరుస మీద వాళ్ల వేలు పెట్టించి.